కనకమ్మకు పాఠం

తిరుత్తణి, 1938 ఆగస్టు, శుక్రవారం.

ఇవాళ మా బడికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. పుట్టుచెవిటి పిల్ల కనకమ్మ నా గొంతు మీద చెయ్యి పెట్టి, ఆ అదురు చూసుకుని, ఆయన ఎదుటే "అమ్మ" అంది. ఆయన సంతోషించారు. వెంటనే, "చెవిటి పిల్లలకు చెప్పే సర్టిఫికెట్ ఉండాదా మీకు?" అన్నారు.

లేదన్నాను. మద్రాసులో ఏడాది చదివితేనే ఇస్తారు. నాకు బదులు మనిషి లేరని హెడ్‌మాస్టరు సెలవివ్వరు. ఇకమీదట కనకమ్మకు పాఠం చెప్పనని ఇన్‌స్పెక్టరుగారు నాచేత సంతకం పెట్టించారు.

బయట బండి కడుతున్న కనకమ్మ తండ్రి, "పాప నన్నూ నాయనా అని పిలస్తాదా, టీచరమ్మా?" అని అడిగాడు.

నిజం నోటికి రాలేదు. "పిలస్తాది, అన్నా. సోమవారం తోడుకోని రా" అన్నాను.

వస్తారు. పాపను లోపలికి రానివ్వలేను, వెనక్కి పంపలేను.