హార్మోనియంలో ఖంగుమన్న చప్పుడు

బాలమణీ,

హార్మోనియం మిస్త్రీకి ఇయ్యకు. పెట్టె మంచిగనే ఉన్నది. పొద్దుగాల మళ్లా వాయించి చూసిన. నడిమి నల్ల మెట్టు నొక్కితేనే ఖంగుమంటున్నది. పెట్టెను అదిమి పట్టినా ఆగలేదు. పక్కనున్న నీ బీడీల చాట మీద చెయ్యి పెట్టిన, టక్కున ఆగింది. ఆకు కత్తిరించే రేకు అందులో అదురుతున్నది! చాట వంటింట్లో పెట్టి వాయించు.

నువ్వే కింద పడేసి చెడగొట్టినవని నిన్న యూనియన్ వాళ్లందరి ముందర అరిచిన. ఇంక పాడనన్నవ్. నాలుగు గంటలకు కార్ఖానా గేటు కాడ సభ. సమ్మెకు మూడు నెలలాయె, జనం అలిసిపోయిన్రు. నీ పాట లేకుంటే నిలవరు. రా.

రామచంద్రం

మైకు ముందుగాల నాకే ఇస్తరు. తప్పు నాదని చెప్పినంకనే కార్ఖానా మాలికుల సంగతి ఎత్తుత.