పక్క సీట్లో బ్రేకు

మార్చి 7

మొన్న బుధవారం జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా భార్య మామూలుగానే లేచింది. కాఫీ తాగింది. చిన్నాడి బూటు లేసు తెగితే తన షూ లేసు ఊడదీసి ఇచ్చింది. పొద్దున రెండు డ్రైవింగ్ క్లాసులు అయ్యాయి. మూడోది వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకి. పెద్ద రోడ్డు మలుపు తిరుగుతుండగా తను మాట మధ్యలో ఆగిపోయిందట. ఆవిడ కంగారుపడి చూసేలోపే కారు నెమ్మదించి, రోడ్డు పక్కకి జరిగి, దానంతట అదే ఆగిందట.

దానంతట అదే కాదు. నేర్పే కారుకి పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. తన పాదం దాని మీద ఉంది. చెయ్యి స్టీరింగ్ మీద ఉంది. డాక్టరు గుండె అన్నాడు. అప్పటికే అయిపోయిందన్నాడు.

కుట్టే ఆవిడకి గీత కూడా పడలేదు. ఇన్నేళ్లలో ఏ స్టూడెంటుకీ దెబ్బ తగలనివ్వలేదు తను. చివరి రోజు కూడా.

ఇది రాసి ఉండాలనిపించింది. రాశాను.

మార్చి 19

కారుకి కవర్ కప్పాను. ఎల్ బోర్డు తీయలేదు.

ఏప్రిల్ 11

చిన్నాడు మొదటిసారి గడ్డం గీసుకున్నాడు. మూడు చోట్ల తెగింది. అత్తగారు చూసి, ఒరేయ్, వెంట్రుకల కంటే నెత్తురే ఎక్కువ వచ్చిందిరా అన్నారు. ఆవిడ తన తల్లి. మాతోనే ఉంటారు. అందరం నవ్వాం. నవ్వాక ఎవరి ముఖం ఎవరూ చూడలేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరికి మంచి జరిగితే ఆ రోజు ముందు సీటు వాళ్లది. తను నడుపుతుంది, వాళ్లు పక్కన, మిగతా అందరం వెనక. ఊళ్లో ఒక రౌండు. పన్ను ఊడినా, జ్వరం తగ్గినా, ప్రైజు వచ్చినా సరే. పక్కింటివాళ్లు మా కారు నిండుగా వెళ్తుంటే ఇవాళ ఎవరికేమైంది అని అడిగేవాళ్లు.

ఇవాళ వాడు ముఖం తుడుచుకుని కిటికీలోంచి కవర్ కప్పిన కారు వైపు చూశాడు. స్నానానికి వెళ్లిపోయాడు.

మే 6

అత్తగారికి కొత్త పళ్ల సెట్టు. టాక్సీలో వెళ్లి తెచ్చాం. ముందు కూర్చున్నాను. మలుపు వచ్చినప్పుడల్లా నా కాలు నేలని తొక్కుతోంది. ఈ జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది. డ్రైవింగ్ టీచరు ఇంట్లో బతికితే అంటుకుంటుంది. టాక్సీ అతను కాసేపు ఓపిక పట్టి, సార్, అక్కడేం లేదండీ, నేను తొక్కుతాను కదా అన్నాడు.

వెనక నుంచి అత్తగారు, ఆయనకి డ్రైవింగ్ రాదు బాబూ, బ్రేకు వెయ్యడం ఒక్కటే వచ్చు అన్నారు. కొత్త పళ్లతో ఆవిడ మొదటి వాక్యం అది. ఒక్క అక్షరం తడబడలేదు.

మే 24

కుట్టే ఆవిడ వచ్చింది. నీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, మేడం నాకు రివర్స్ నేర్పలేదు సార్ అంది. ముందుకి వెళ్లడం వచ్చు, వెనక్కి రావడం రాదు, సగం డ్రైవర్ని ఏ సందులోకి వెళ్లనండీ అంది. కుట్టిన యూనిఫాంలు తనే వ్యాన్లో షాపులకి తీసుకెళ్లి ఇవ్వాలని ఆవిడ ఆశ. వేరే డ్రైవింగ్ స్కూల్లో చెప్పి పెడతానన్నాను. సరేనంది. లేవలేదు.

మా అమ్మాయి క్లినిక్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆంటీ, నేను నేర్పుతాను, ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సు వచ్చేదాకా ఆగండి అంది. నా వైపు చూడను కూడా లేదు.

ఆవిడ వెళ్లాక, ఆ బ్రేకు తీయించేసి కారు అమ్మేద్దామన్నాను. మరి అమ్మ స్కూలు అంది. స్కూలంటే ఒక కారు, ఒక మనిషి, ఆ మనిషి లేదు కదా అన్నాను. నేను మనిషిని కానా నాన్నా అంది.

తనని ఆ సీట్లోంచే ఎత్తి తీసుకెళ్లారు. ఇంకొకరిని అందులో కూర్చోబెట్టలేను.

జూన్ 20

చిన్నాడు పాసయ్యాడు. లెక్కల్లో కాలేజీ ఫస్టు. అమ్మాయి కవర్ లాగేసి, తాళాలు ఊపుతూ, పదండి, ఇవాళ వీడి రోజు అంది. నడపడం దానికి తల్లే నేర్పింది. వాడు ముందు తలుపు దాకా వెళ్లి ఆగాడు. నువ్వు కూర్చో నాన్నా అని వెనక్కి వెళ్లిపోయాడు.

బాగా నడిపింది. బయల్దేరే ముందు అద్దాలు మూడూ చూసుకోవడం, గేరు మార్చేటప్పుడు కింది పెదవి కొరకడం, అంతా తల్లే. ఎదురుగా బస్సు కనిపించింది. దూరంగానే ఉంది. నా కాలు నేలని తొక్కింది.

ఈసారి అక్కడ బ్రేకు ఉంది.

కారు నడిరోడ్డు మీద ఎగిరి ఆగింది. ఇంజిన్ ఆగిపోయింది. వెనక హారన్లు. అత్తగారి కళ్లజోడు నా ఒళ్లో పడింది. అమ్మాయి మళ్లీ స్టార్ట్ చేసి, నెమ్మదిగా ఇంటికి తెచ్చి, హ్యాండ్ బ్రేకు వేసింది. అమ్మ ఒక్కసారి కూడా నన్నిలా ఆపలేదు నాన్నా అంది. అరిచి ఉంటే బాగుండేది.

జూన్ 21

మెకానిక్‌కి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం వచ్చి ఆ పెడల్ తీసేస్తానన్నాడు.

జూన్ 29

మెకానిక్ ఆలస్యం చేశాడు. ఈలోపు దుమ్ము దులుపుదామని పక్క సీటు ముందున్న మ్యాట్ బయటికి లాగాను.

మ్యాట్‌కి ఒకచోట చిల్లు. మడమ ఆనేచోట. రబ్బరు అరిగి, కింద రేకు కనిపిస్తోంది. బ్రేకు పెడల్ చూశాను. దాని మీద రబ్బరు గీతలు కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. డ్రైవర్ వైపు పెడల్ నున్నగా అరిగిపోయింది. ఇది అరగలేదు.

ఏళ్ల తరబడి మడమ అక్కడ ఆనించి, పాదం పెడల్ మీద గాల్లో ఉంచింది. తొక్కలేదు.

నేను కూర్చుని అలాగే పాదం ఎత్తి పట్టుకుని చూశాను. కాసేపటికే పిక్క లాగేసింది. తను రోజంతా అలా ఉండి, సాయంత్రం ఇంటికొచ్చి మాకు వంట చేసేది. కాళ్లు నొప్పులంటే ఎండ వల్లేమో అనేవాణ్ని.

మెకానిక్ సామాను సంచితో వచ్చాడు. టీ ఇచ్చి పంపేశాను. దీనికా సార్ పిలిచారు అన్నాడు. టీ బాగాలేదా అన్నాను.

సాయంత్రం అమ్మాయిని పిలిచి, ఆ లైసెన్సుకి అప్లై చెయ్యమన్నాను. చేసి నెల అయింది నాన్నా అంది.

సెప్టెంబర్ 12

అమ్మాయి లైసెన్సు పరీక్ష పోయింది. ఎగ్జామినర్ స్టూడెంటులా నటిస్తూ తప్పు గేరు వేస్తే, ఈమె హడలిపోయి బ్రేకు తొక్కేసిందట. ఎవరి పోలికో అని అత్తగారు గోడతో అన్నారు.

నవంబర్ 7

పాసయింది.

నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. పిప్పెట్ గొట్టం చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది. కింద పెట్టి, పక్క బల్ల జూనియర్‌కి, మా అమ్మాయి ఇవాళ్టి నుంచి టీచరు అన్నాను. అతను అడగలేదు. లిఫ్టులో ఇంకొకాయనకి చెప్పాను. ఆయన ఎవరో నాకు తెలియదు.

సాయంత్రం చిక్కు వచ్చింది. ఇవాళ ముందు సీటు అమ్మాయిది. నడపాల్సిందీ అమ్మాయే. చిన్నాడికింకా వయసు రాలేదు. రెండు సీట్లూ దానివే, మనం నడిచి పోదాం అన్నారు అత్తగారు. నిజంగానే నలుగురం నడుస్తూ బయల్దేరాం. వీధి చివరికి వెళ్లేసరికి, ఎవడిచ్చాడీ సలహా అని అత్తగారే ఆయాసపడ్డారు.

పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, ఇవాళ ఎవరికేమైందండీ అన్నాడు. చాలా సేపు చెప్పాను.

డిసెంబర్ 16

కుట్టే ఆవిడ ఇవాళ మా సందులోకి రివర్స్‌లో వచ్చింది. ఒకవైపు చెత్తడబ్బా, ఇంకోవైపు పక్కింటి స్కూటరు. నేను మేడ మీంచి చూస్తున్నాను. అమ్మాయి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాదం నాకు కనిపించదు. కారు ఎక్కడా కుదుపు లేకుండా వచ్చి ఆగింది.

ఆవిడ దిగి బానెట్ మీద చెయ్యేసి ఏడ్చింది. అమ్మాయి ఏడవలేదు. లోపలికొచ్చి, కాళ్లు చాపుకుని, పిక్కలు లాగేస్తున్నాయి నాన్నా అంది.

బకెట్టులో వేడినీళ్లు పెట్టి ఇచ్చాను. వంటింట్లోకి వచ్చి ఇంకో గిన్నె నీళ్లు పొయ్యి మీద పెట్టాను. తను ఉంటే చెప్పేవాణ్ని, ఆ నొప్పులు ఎండ వల్ల కాదని.

ఫిబ్రవరి 10

చిన్నాడికి పద్దెనిమిది నిండాయి. లెర్నర్ లైసెన్సుకి వాడితో వెళ్లాను. ఫోటో కోసం వాడి వెనక నిలబడితే గుమాస్తా, పెద్దాయనా, తోడొచ్చినవాళ్లు బయట కూర్చోవాలి అన్నాడు. నేనూ నేర్చుకోవడానికే వచ్చానన్నాను. చిన్నాడు అటు తిరిగి నవ్వుకున్నాడు.

మార్చి 4

రేపటికి ఏడాది.

అమ్మాయి కొత్త మ్యాట్ తెచ్చింది. డ్రైవర్ వైపు వేసింది. పక్క సీటు ముందు చిల్లుదే ఉంచింది.

రేపు పొద్దున్నే నేను స్టీరింగ్ ముందు కూర్చుంటాను. అమ్మాయి పక్కన. పెద్ద రోడ్డు మలుపు దాకా వెళ్లి, తిరిగి వస్తాను.