ఒడెస్సా గారి వంటింటి రేడియో

హెలీనా, ఆర్కన్సా
డిసెంబరు 6, 1973

మాక్సీన్, నేను క్షేమమే. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఈ కార్డు.

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్‌కు ఒక కుర్రాణ్ణి అడగడానికి నిన్న వాళ్లింటికి వెళ్లాను. "నాలుగేళ్లూ వాడి బాధ్యత నాదమ్మా" అని వాళ్లమ్మ ఒడెస్సాకు మాటిస్తున్నాను. అంతలో మా హెడ్ కోచ్‌నీ, నాతో సహా కింది కోచ్‌లందర్నీ కాలేజీ తీసేసిందని వంటింట్లో రేడియో చెప్పింది! నోటిదాకా వెళ్లిన కేకు ముక్క అక్కడే ఆగిపోయింది.

ఆవిడ రేడియో కట్టేసింది. "ముందు అది తినండి కోచ్ గారూ. మీరెక్కడ తేలితే మావాణ్ణి అక్కడికే పంపుతా. చిరునామా రాసివ్వండి" అంది.

ఈ ఇంటికి మారినప్పుడు తెచ్చిన పెట్టెల్లో మిగిలినవి విప్పకు. పాటీకి దగ్గు తగ్గిందా? మళ్లీ బడి మారాలని దానికి అప్పుడే చెప్పకు.

ఇన్ని ఊళ్లు తిరిగామా, మనదని ఇవ్వడానికి ఒక్క చిరునామా తట్టలేదు. మీ అమ్మగారిది ఇచ్చాను. ఆవిడకు నా నమస్కారాలు.

డెల్మర్