వసపిట్ట నోరు

ఫిబ్రవరి 3

యూనివర్సిటీ వెనక గేటు బయట ఉన్న మా వీధికి నన్ను సేఫ్టీ వాలంటీర్‌ని చేశారు. ఒక్క నెలలో నాలుగు ఫోన్లు పోయాయి. బైకు మీద ఇద్దరొస్తారు, పట్టపగలే లాక్కుపోతారు. సేఫ్టీ ఆఫీసర్ మేడం రూల్స్ షీటు ఇచ్చారు. మెట్ల కింద గ్రిల్ గేటుకి ఎప్పుడూ తాళం ఉండాలి. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే ఉండాలి. నేనే జిరాక్సులు తీసి, స్టూడెంట్స్ ఉన్న ఆరిళ్లకీ అంటించాను.

మా రూమ్మేట్‌ని అందరూ వసపిట్ట అంటారు. డెంటల్‌లో నాకు ఒక ఏడాది జూనియర్. నిద్రలో కూడా మాట్లాడుతుంది. షీటు చదివి, అక్కా నువ్వు పోలీసువయ్యావా, ఇక నీకు సెల్యూట్ కొట్టాలా అని పడీ పడీ నవ్వింది. ఆ సాయంత్రమే తాళంచెవి మర్చిపోయింది.

ఫిబ్రవరి 8

నా ఏప్రన్ చెప్పకుండా వేసుకెళ్లి, జేబు మీద ఇంకు మరకతో తెచ్చి హ్యాంగర్‌కి తగిలించింది. నేను చూసుకోలేదు. పేషెంటు ముందు, పాతికమంది ముందు, ప్రొఫెసర్ నన్ను క్లినిక్‌లోంచి బయటికి పంపించేశారు. రూమ్‌కొచ్చి దానికి ఒకటే మాట చెప్పాను. ఇక నాతో మాట్లాడొద్దని.

ఫిబ్రవరి 10

ఇప్పటికి తొమ్మిదిసార్లు సారీ చెప్పింది. చెప్పుకోనీ.

ఫిబ్రవరి 12, సాయంత్రం ఆరు

రాయాలి. ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

మధ్యాహ్నం రెండున్నర. ఓనర్ ఆంటీ ఊళ్లో లేరు. నేను మంచం మీద చదువుకుంటున్నాను. కింద గేటు గడగడా ఊపుతున్న చప్పుడు. అక్కా, అక్కా అని అరుపు. మళ్లీ తాళంచెవి మర్చిపోయిందన్నమాట. లేచి పరదా కొంచెం జరిపి చూశాను. అది తలెత్తి ఇటే చూసింది. పరదా వదిలేశాను. ఐదు నిమిషాలు ఎండలో నిలబడితే బుద్ధొస్తుంది అనుకున్నాను. అంతే, ఇంకేం అనుకోలేదు.

తొందరగా తియ్యి, బైకు వాళ్లు వెనక్కి తిరిగారు అని అరిచింది. నాటకాలు అనుకున్నాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను గానీ పాట పెట్టలేదు. అందుకే బైకు చప్పుడు వినపడింది. అప్పుడైనా లేవాల్సింది. పేజీ చివరిదాకా చదివి లేచాను.

కిందికి వెళ్లేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. ఒక చెప్పు మాత్రం ఉంది. ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుపోయిందట, దాన్ని వీధి మలుపుదాకా ఈడ్చుకుపోయారు. మలుపులో కరెంటు స్తంభం దిమ్మె. దవడ దానికే కొట్టుకుంది.

అక్కడికి పరిగెత్తాను. నన్ను చూసి ఏదో అనబోయింది. కింది దవడ మాటతోపాటు కదల్లేదు.

ఫిబ్రవరి 13

దవడ రెండుచోట్ల విరిగింది. పై పళ్లనీ కింది పళ్లనీ కలిపి వైర్లతో కట్టేశారు. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఆరు వారాలు నోరు తెరవకూడదు. ఆ మాట వినగానే నాకు మొదట తోచింది ఇదీ: ఆరు వారాలు ఇది ఎవరికీ ఏమీ చెప్పడానికుండదు.

వాళ్లమ్మగారు వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకపోతే నా పిల్ల రోడ్డుమీదే పోయేదమ్మా అన్నారు. నేను ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆవిడే నన్ను ఓదార్చారు.

ఫిబ్రవరి 14

మేడం రిపోర్టు అడిగారు. వాలంటీర్ నిద్రలో ఉంది, బాధితురాలు రూల్ ప్రకారం తాళంచెవి దగ్గర ఉంచుకోలేదు అని రాసిచ్చాను. ఎంత క్లియర్‌గా రాశావో అని మెచ్చుకున్నారు. మీటింగులో అందరికీ చదివి వినిపిస్తారట.

ఫిబ్రవరి 17

రాసుకోడానికి చిన్న వైట్‌బోర్డు కొనిచ్చాం. ఎడమచేత్తో, వంకరటింకరగా, మొదట రాసింది: నిద్రపోయావా?

అవునన్నాను.

బోర్డు తుడిచేసింది.

ఫిబ్రవరి 22

ఆసుపత్రి నుంచి రూమ్‌కి తెచ్చాం. రాగానే బోర్డు అడిగింది. అమ్మా నువ్వు వెళ్లు, అక్క చూసుకుంటుంది అని రాసింది. వాళ్లమ్మగారు పొంగిపోయారు. తోడబుట్టినదైనా ఇంత చెయ్యదు అని పదిసార్లు అన్నారు. వెళ్తూ వెళ్తూ వైర్ కటర్ నా చేతిలో పెట్టారు. వాంతి వస్తే ఊపిరాడదట, వెంటనే వైర్లు కత్తిరించెయ్యాలట.

మార్చి 5

రోజుకి ఆరుసార్లు సిరంజితో పాలు, జ్యూసు, సూపు. పెదవి పక్కనించి కారుతుంటే తుడుస్తాను. నా క్లాసులన్నీ పోయాయి. కాస్త కూర్చుంటే చాలు, మంచం పట్టె మీద టకటకా కొడుతుంది. నీళ్లు. మళ్లీ టకటక. దిండు. పరదా తియ్యమంటుంది. తీస్తే వెయ్యమంటుంది. వేస్తే తియ్యమంటుంది. మొహంలో కోపం మచ్చుకైనా లేదు. అదే భయంగా ఉంది.

మార్చి 11, ఉదయం

వాంతి వచ్చింది. ముందుకి వంగి గిలగిల్లాడుతోంది. కటర్ నా చేతిలోనే ఉంది. ఇది ఇలాగే పోతే ఇంకెవరికీ తెలియదు అనిపించింది. ఒక్క క్షణమే. కానీ పూర్తిగా అనిపించింది.

తర్వాత కత్తిరించాను. ఊపిరి తీసుకుంది. నోరు తెరుచుకుంది, ఇప్పుడు మాట్లాడొచ్చు. మాట్లాడలేదు. డాక్టరు దగ్గర మళ్లీ వైర్లు కట్టేటప్పుడు, తనే పళ్లు బిగించి మొహం ముందుకి పెట్టింది.

మార్చి 27

వైర్లు తీసేశారు. డాక్టరు చేతులు కడుక్కోడానికి వెళ్లారు. దాని గొంతు ముసలమ్మ గొంతులా ఉంది. పరదా కదలడం చూశాను అంది. మొదటిరోజు నుంచీ తెలుసట. వాళ్లమ్మని పంపించేసింది అందుకేనట.

ఎవరికైనా చెప్పావా అని అడిగాను. ముందు అదే అడిగాను. క్షమించమని అడగలేదు.

చెప్తే నిన్ను నా దగ్గరనుంచి పంపించేస్తారుగా అంది.

మార్చి 30

వేరే రూమ్ మాట్లాడుకున్నాను. ఇంతలో వాళ్లమ్మగారి ఫోను. అక్క పక్కన ఉంటేనే చదువుతాను, లేకపోతే మానేస్తాను అని పట్టుబట్టిందట. నీ కాళ్లు పట్టుకుంటానమ్మా, దాన్ని వదిలి వెళ్లకు అన్నారు. ఫోను స్పీకర్‌లో ఉంది. వసపిట్ట నా ఎదురుగా కూర్చుని వింటోంది. నేను కాదంటే మాట్లాడ్డానికి నోరు కొంచెం తెరిచి పెట్టుకుంది.

అలాగేనండీ అన్నాను. నోరు మూసుకుంది.

ఏప్రిల్ 1

ఓనర్ ఆంటీ కొత్త అగ్రిమెంటు తెచ్చారు. రెండేళ్లకి. తను సంతకం పెట్టి పెన్ను నాకిచ్చింది. నేను పెట్టేదాకా నా మణికట్టు పట్టుకునే ఉంది.