ఎవరూ చూడని తప్పు

గద్వాల,
14-6-2006

రాహేలక్కకు, నీ తమ్ముడు సంతోషం పట్టలేక వందనాలతో రాస్తున్న ఉత్తరం.

అక్కా, మన ఎస్తేరు నర్సు పరీక్ష పాసైంది! దేవునికి స్తోత్రం. పోయిన నెల కాన్పు పరీక్షలో చేతులు సరిగా కడుక్కోలేదని ఆపేశారు. సిగ్గయి నీకు చెప్పలేదు. నిన్న మళ్లీ పెడుతున్నారంటే, సంచెడు పల్లికాయ పట్టుకొని ట్రైనింగు స్కూలుకు పోయాను.

"జర చూసీ చూడనట్టు పోనియ్యుండ్రి మేడమ్" అని పరీక్ష పెట్టే మేడమ్‌ను బతిమాలాను.

"చూసుడే నా పని పెద్దాయనా. ఆ కిటికీ కాడ కూసోని నువ్వు గూడ చూడు" అన్నది.

లోపల ఎస్తేరు, పరీక్షకు పెట్టిన పసిబిడ్డ బొమ్మను పట్టుకొని సగంలో ఆగిపోయింది. "మేడమ్, నా చేతి తొడుగు బల్లకు తాకింది. మీరు చూడలే. మళ్ల మొదటికెల్లి చేస్త" అన్నది.

మళ్లీ ఆపేస్తారనుకున్నాను. మేడమ్ మాత్రం అంతా మళ్లీ చేయించి, పుస్తకంలో ఒక్కొక్క పనికి గుర్తు పెట్టి సంతకం చేసింది. "తొడుగు ఎవలకైన తాకుతది. చెప్పెటోళ్లే తక్కువ" అన్నది. పల్లికాయ ముట్టలేదు.

అక్కా, ఒక్కొక్క పిల్లను ఇంత చూసి చూసి పంపుతారని నాకేం తెలుసు! నేను తప్పు దాచమని పోతే, నా బిడ్డ ఎవరూ చూడని తప్పును నోరు తెరిచి చెప్పింది. ఈమె నేను కన్నదేనా అని ఇంకా నమ్మలేకున్నాను.

వచ్చే నెల నుంచి ఇక్కడి దవాఖానలోనే డ్యూటీ. నీ కోడలిని కాన్పుకు ఇక్కడికే తీసుకురా. కానీ ముందే చెప్తున్నా, చేతులు కడుక్కోకుంటే మేనత్తవని కూడా చూడదు, మనవణ్ణి ముట్టనియ్యదు.

నీ తమ్ముడు