కోడలి పేరు

చంద్రపూర్,
శ్రావణమాసం, గురువారం.

చిరంజీవి ప్రతీక్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను, మీ నాన్న, నీ భార్య ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ నీ తోటి జవాన్లూ చల్లగా ఉండాలని రాయబోయి ఆగాను. ఫోనందని ఆ మంచుకొండ మీద చల్లదనానికేం కొదవ. మీరంతా వెచ్చగా ఉండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు కోరుకుంటున్నాను.

అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. నువ్వు చదివింది మరాఠీ బడి. నీకొచ్చిన తెలుగు నేను పలక మీద దిద్దించిందే కాబట్టి నిదానంగా చదువుకో. పోయిన ఉత్తరంలో నాన్న మోకాలి గురించి అడిగావు. నొప్పి తగ్గింది కానీ, మెట్లెక్కేటప్పుడు మాత్రం నేను చూస్తుంటే కుంటుతారు, చూడకపోతే మామూలుగా ఎక్కుతారు. గోల్ బజారులో మన స్టీలు పాత్రల దుకాణం బాగానే నడుస్తోంది. వంటింటి కప్పు కారడం ఆగింది. నీ భార్య ఎండాకాలం ఎలా గడిపిందని అడిగావు. కూలర్ ముందు తడి తువ్వాలు కప్పుకుని కూర్చుని గడిపింది. వానలు పడ్డాక బజారులో గోండు ఆడవాళ్లు వెదురు మొలకలు తెచ్చి అమ్ముతుంటే చూసి, చిన్నపిల్లలా గంతేసి నా చేయి పట్టుకుంది. వాళ్ల మిజోరంలో ఇదే కూరట. నేను ఇన్నేళ్లుగా ఆ బుట్టల పక్కనుంచే నడిచి పోతున్నాను, ఒక్కసారీ కొనలేదు. ఇప్పుడు మనింట్లో వారానికోసారి అదే కూర. మీ నాన్న రెండోసారి అడిగి వేయించుకుంటున్నారు.

ఆదివారం పూట ఆమెను స్కూటర్ మీద చర్చి దగ్గర దింపేదీ ఆయనే. ప్రార్థన అయ్యేదాకా ఎదురుగా ఉన్న చాయ్ కొట్టులో పేపరు చదువుతూ కూర్చుంటారు.

నీ భార్య ఉత్తరం రాక నెల దాటింది, అలిగిందా అని అడిగావు. అలగలేదు. దానికి కారణం ఉంది, రాస్తాను. ముందు నీ ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. "ఊళ్లో ఎవరైనా ఆమెను ఏమైనా అంటున్నారా, నిజం రాయమ్మా" అన్నావు. అంటున్నారు నాయనా. కూరగాయల బండి దగ్గర నేపాలీ అంటారు, ఆటోవాళ్లు చైనా అంటారు. మొహం ఎదుటే నవ్వుతారు. ఆమె మాత్రం తలెత్తుకునే నడుస్తుంది. నాకే మొదట్లో తల దించుకోవాలనిపించేది.

నువ్వు సెలవు ముగించుకుని వెళ్లాక ఆమె ఇక్కడి ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేరిన సంగతి నీకు తెలుసు. అక్కడి మేనేజరు నాగేశ్వర్ మనవాడే, రాజురా అవతల పల్లె వాళ్లది. తెలుగువాడు ఉన్నాడు కదా, కోడలికి అండగా ఉంటాడని నేను ధైర్యంగా ఉన్నాను. ఒకరోజు సాయంత్రం ఆమె డ్యూటీ నుంచి వచ్చి, తన బట్టలకు పెట్టుకునే పేరు బిళ్ల నా ముందు పెట్టింది. దాని మీద 'ప్రియ' అని ఉంది.

"అత్తమ్మా, దీనికి అర్థం ఏంది?" అని అడిగింది. మన తెలుగు ఇప్పుడు బాగానే మాట్లాడుతోంది.

"ఇష్టమైంది అని."

"మంచి పేరే. కానీ నాది కాదు."

అడిగితే చెప్పింది. పేషెంట్లకు నోరు తిరగడం లేదట, అందుకని నాగేశ్వర్ కొత్త పేరు పెట్టి ఇచ్చాడట. నేను సర్ది చెప్పాను. "డ్యూటీలనే కదా బిడ్డా, ఇంటికొస్తే నీ పేరు నీదే. మనది చూడు, అసలు ఇంటిపేరు కొండ. ఈడికొచ్చినంక బడిల కొండావార్ అని రాసిండ్రు. గట్లనే నడుస్తుంది" అన్నాను.

"రాసేముందు మిమ్మల్ని అడిగిండ్రా?" అంది.

అడగలేదు. మీ తాతను ఎవరూ అడగలేదు. నాకు ఆ 'వార్' మీద కోపమేమీ లేదు. ఇన్నేళ్లలో అదీ మనదే అయింది, తీసేయమన్నా నేను తీయను. కానీ ఆ రాత్రి పడుకున్నాక, నేను ఆసిఫాబాద్ నుంచి పెళ్లై వచ్చిన కొత్తలో మున్సిపాలిటీ నల్లా దగ్గర నా మరాఠీ విని ఆడవాళ్లు నవ్విన నవ్వు గుర్తొచ్చింది. నిన్ను బడిలో పిల్లలు మన తెలుగును వెక్కిరిస్తూ 'యండూ గుండూ' అని ఏడిపిస్తే ఇంటికొచ్చి సంచీ విసిరేసిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు కూడా నేను నీకు సర్దుకోమనే చెప్పాను.

మర్నాడు ఆమె ఆ బిళ్ల తిరిగి ఇచ్చేసింది. కట్లకు వాడే తెల్ల టేపు ముక్క తీసి, దాని మీద ఇంగ్లీషులోనూ మరాఠీ అక్షరాల్లోనూ లాల్‌రిన్‌పుయి అని తన చేత్తో రాసి గుండె మీద అతికించుకుంది. నాగేశ్వర్ దాన్ని పీకేయమన్నాడు. ఆమె పీకలేదు. వార్డు నుంచి తీసేసి, దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశాడు. ఆమె రోజూ పోయి, టేపు అతికించుకుని, దుప్పట్లు మడతపెట్టి వచ్చింది. ఇంట్లో ఒక్క మాట ఫిర్యాదు లేదు. చదివిన చదువుకు అదేం పనని నాకే మనసు ఆగలేదు. మీ నాన్నను తీసుకుని ఆస్పత్రికి పోయాను.

నాగేశ్వర్ చాయ్ తెప్పించాడు. "అక్కా, నా మీద కోపం పెట్టుకోకు. పేషెంట్లు భయపడుతుండ్రు. గా పేరు ఎవలకు పలుకొస్తది?" అన్నాడు.

"నువ్వు ఒక్కపారి పలికి చూసినవా?"

"నాకే రాదక్కా."

"లాల్. రిన్. పుయి. మూడు ముక్కలు. మీ ఆస్పత్రి పేరుల గింతకు రెండింతలున్నయి, గది పలుకొస్తుంది కదా అందరికి. నాగేశ్వర్, నీ తమ్ముడు పూనాల చదువుకుంటుండు. ఆడ ఎవడన్న వానికి నీ పేరు మాకు పలుకొస్తలేదు, రేపటి సంది నువ్వు రాకేశ్‌వి అంటే ఊకుంటవా?"

అతను చాయ్ కప్పు నా వైపు జరిపాడు. మీ నాన్న దుకాణంలో గిరాకీతో తప్ప బయట ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరని నీకు తెలుసు. అలాంటి మనిషి లేచి, "పెద్ద డాక్టరుతోని మాట్లాడిపిస్తవా, మమ్మల్నే పోయి మాట్లాడుమంటవా?" అన్నారు.

పెద్ద డాక్టరు మంచాయన. అంతా విని, ఇలాంటివి ఇంకెన్ని జరిగాయని నాగేశ్వర్‌నే అడిగాడు. అప్పుడు బయటపడింది. ఆ ఆస్పత్రిలో నాలుగేళ్లుగా 'శోభ' అని బిళ్ల పెట్టుకుని తిరుగుతున్న నర్సు అసలు పేరు షబ్నమ్. ఇంటికి పోయేటప్పుడు ఆ పిల్ల రోజూ బిళ్ల తీసి పర్సులో దాచుకునేదట, వాళ్ల అమ్మ చూడకుండా. వారం తిరక్కుండా ఇద్దరికీ వాళ్ల పేర్లతో కొత్త బిళ్లలు వచ్చాయి. షబ్నమ్ మనింటికి సేమ్యా ఖీర్ పట్టుకుని వచ్చింది. నీ భార్యను మళ్లీ వార్డులో వేశారు. నువ్వు ఉండి ఉంటే ఎంత పొంగిపోయేవాడివో. నేనైతే ఆ రోజు దుకాణానికి వచ్చిన గిరాకీలందరికీ చెప్పాను.

ఇక నీకు చెప్పకుండా దాచింది. ఇది చదివేముందు కూర్చో. ఆమె బాగుంది, ఆ మాట గుర్తుపెట్టుకుని చదువు.

కొత్త బిళ్ల పెట్టుకుని వార్డు నుంచి వచ్చిన మొదటి సాయంత్రమే ఇది జరిగింది. మన గల్లీ మొదట్లో కొందరు కుర్రాళ్లు మోటార్ సైకిల్ మీద కూర్చుని ఉన్నారు. బిళ్ల మీద పేరు చదివి వెక్కిరించారు. చింగ్ చాంగ్ అని అరిచారు. ఆమె పట్టించుకోకుండా దాటిపోతుంటే ఒకడు బండి మీద పక్కగా వచ్చి ఆ బిళ్ల పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. బండి కదిలింది. ఆమె రోడ్డు మీద పడిపోయింది. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఉత్తరం రాయకపోవడానికి కారణం అదే. "ఆయన తుపాకీ పట్టుకుని నిలబడే చోట మనసు ఇటు లాగొద్దు, కట్టు తీసేదాకా రాయకు అత్తమ్మా" అని నా దగ్గర మాట తీసుకుంది. నిన్ననే కట్టు తీశారు. వేళ్లన్నీ బాగా ఆడుతున్నాయి.

బిళ్ల లాగినవాడు అమిత్. అవును, నీ అమిత్. ఉజ్వల కొడుకు. మనింట్లో నీ పళ్లెంలో తిని పెరిగినవాడు.

ఫిర్యాదు చేయడానికి ముగ్గురం పోయాం కానీ, పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర నేను ఆగిపోయాను. ఉజ్వల నాకు ఈ ఊళ్లో దొరికిన మొదటి తోడు. నాకు మరాఠీ నేర్పింది ఆమే. "బిడ్డా, పెద్దోళ్లం మేం మాట్లాడుకుంటం. ఒక్క గల్లీల ఉండేటోళ్లం" అన్నాను. నీ భార్య విరిగిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"నాగేశ్వర్ సార్‌కు చెప్పింది అమిత్‌కు చెప్పవా అత్తమ్మా?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది. ఆస్పత్రిలో మేనేజరు ముందు నోరు లేవడం తేలికేనని, మనింట్లో తిని పెరిగినవాడి దగ్గరకు వచ్చేసరికి నాలుక మడత పడుతుందని నాకప్పుడు అర్థమైంది. మీ నాన్న అప్పటికే మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నేనూ ఎక్కాను.

లోపల ఒక పోలీసు పెద్దాయన నేను మెట్ల మీద అన్న మాటే మరాఠీలో అన్నాడు, ఒకే గల్లీ కదా సర్దుకోండని. "మేం ఫిర్యాదు రాయించనీకే వచ్చినం" అన్నాను. ఆశ అనే కానిస్టేబుల్ అమ్మాయి కుర్చీ జరిపి నీ భార్యను కూర్చోబెట్టింది. పేరు అడిగి రాసింది, తప్పు పడిందని కొట్టేసి మళ్లీ అడిగింది, మూడోసారి సరిగ్గా రాసి చదివి వినిపించింది. నీ భార్య నొప్పితో ఉండి కూడా నవ్వింది. సాక్షిగా నేను మరాఠీలో వాంగ్మూలం ఇచ్చాను. ఆ మరాఠీ ఉజ్వల నేర్పిందే.

తర్వాత ఉజ్వల కొడుకును వెంటబెట్టుకుని మనింటికి వచ్చింది. అమిత్ చేతులు జోడించి, "తప్పయింది వదినా, మజాక్ చేస్తుంటే గట్లయింది" అన్నాడు. నీ భార్య అతన్ని కూర్చోమని మంచినీళ్లు ఇచ్చింది.

"నా పేరు చెప్పు" అంది.

"పుయి వదినా."

"మొత్తం."

అతను తల వంచుకుని మెల్లగా మొత్తం చెప్పాడు. "సరే, మాఫీ చేసిన. కేసు మాత్రం ఉంటది" అంది.

ఉజ్వల ఏడ్చింది. "మాఫీ చేసినంక కేసు ఎందుకు బిడ్డా? ఘుగ్గుస్ బొగ్గు గనిల నౌకరి వచ్చేటట్టున్నది వానికి. కేసుంటే పోతది. నువ్వన్న చెప్పు సరోజా."

నేను నీ భార్య వైపు చూశాను. ఆమె ఉజ్వల పక్కన కింద కూర్చుని చెప్పింది. "ఆంటీ, వచ్చే నెల మా ఊరి నుంచి ఇంకో అమ్మాయి ఆస్పత్రికి వస్తుంది. చిన్నది. నాకన్నా భయం ఎక్కువ. ఆమె ఈ గల్లీ నుంచే నడుస్తది."

అంతకంటే నేను చెప్పేది ఏముంది. "కేసు వెనక్కి తీసుకోం ఉజ్వలా" అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది. ఈ శ్రావణంలో పసుపు కుంకుమకు ఆమె నన్ను పిలవలేదు, నేను పిలిస్తే రాలేదు. ఆ బాధ ఉంది, లేదని నీకు అబద్ధం రాయను. గల్లీలో కొందరు మనతో మాట్లాడడం మానేశారు. కొందరు కొత్తగా మాట్లాడుతున్నారు. షబ్నమ్ వాళ్ల అమ్మ శుక్రవారం వచ్చి గంటసేపు కూర్చుని పోయింది.

విషయం తెలిసి మీ మామగారు ఐజ్వాల్ నుంచి ఫోన్ చేశారు, వచ్చి పిల్లను తీసుకుపోనా అని. ఆయన హిందీ, నా హిందీ ఒకదానికొకటి అందలేదు. నీ భార్య ఫోన్ తీసుకుని వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడింది. ఏమన్నావని అడిగాను. "ఇక్కడ నాకు పని ఉంది అని చెప్పిన" అంది.

అమిత్ నీకు కూడా ఉత్తరం రాస్తాడని విన్నాను. చిన్ననాటి స్నేహం అడ్డుపెట్టి కేసు తీయించమంటాడు. అంతకుముందే నా ఉత్తరం నీకు చేరాలని ఇవాళే స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. నీకేమైనా చెప్పాలనిపిస్తే నాకు కాదు, ఆమెకే రాయి. నిర్ణయం ఆమెది. సోమవారం కోర్టులో వాయిదా. మీ నాన్న ఆ రోజు దుకాణం మూసేస్తారట. ఆమె ఆ బిళ్ల పెట్టుకునే వస్తానంటోంది. ఆ రోజు లాగులాటలో విరిగిన దాని అంచు అలాగే ఉంది.

ఇంకొక్క మాట రాసి ముగిస్తాను. ఇన్నాళ్లూ బజారులో నన్ను 'ఫౌజీ ప్రతీక్ వాళ్లమ్మ' అనేవారు. అది నాకు ఎంత గర్వమో నీకు తెలుసు. మొన్న బట్టల కొట్టు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూపించుకుంటూ, "గామెనే, ఆ నర్సు అత్తమ్మ" అన్నారు. మెచ్చుకున్నారో ఆడిపోసుకున్నారో తెలియదు. నేను మాత్రం నడక నిదానం చేశాను, ఇంకోసారి అంటారేమోనని.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
సరోజ