నలభై ఒక్క బొటనవేళ్ళు

కాటన్‌పేట, బెంగళూరు
7 ఫిబ్రవరి 2025, శుక్రవారం

చిరంజీవి అర్చనకు,

అవ్వ భాగీరథమ్మ దీవెనలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు ఆన్‌లైన్‌లో ఉన్నావని ఫోను చెబుతూనే ఉంది గానీ, దాన్ని నేను క్షేమ సమాచారం కింద లెక్క వేయను. కుందలహళ్ళికీ కాటన్‌పేటకూ మధ్య ఉత్తరమేమిటని నవ్వకు. ఫోను చేస్తే నువ్వు మీటింగులో ఉంటావు. మెసేజి పెడితే చదవకుండానే బొటనవేలి బొమ్మ పెడతావు. కాగితం మీద బొటనవేలు వేస్తే దాన్ని నిశానీ అంటారు. ఇంజనీరింగు చదివిన పిల్లవు, అంత పని చేయవనే నమ్మకంతో రాస్తున్నాను.

నా కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పేశారు, చుక్కల మందు ఇంకా వేసుకుంటున్నాను. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి మీ నాన్న రామాంజి పరుపులు కుట్టించే పనిలో తలెత్తడం లేదు. అంగడిలో దూది మూటలు గడప దాకా వచ్చాయి. మీ అమ్మ అంబిక మోకాళ్ళ నొప్పికి నూనె మార్చింది, నొప్పి మాత్రం మారలేదు.

ఇక అసలు సంగతి. పదహారో తేదీ ఆదివారం ఉదయం నీకు తాంబూలాలని మీ చిన్నతాత మునినారాయణప్ప మన ఇంటి గ్రూపులో పెట్టాడు. పోయిన ఆదివారం నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు మీ అమ్మ వంటింట్లో నిన్ను అడిగింది, సంబంధం నీకు ఇష్టమే గదా అని. ఇంతమంది చూసి సరే అన్నాక ఇంక నాదేముందమ్మా అన్నావు నువ్వు. నేను పక్క గదిలో మందు వేసుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాను. నీ మాటలో సంతోషం వినబడలేదు, దుఃఖమూ వినబడలేదు. పక్కింటివాళ్ళ పార్సిలుకు సంతకం పెట్టేవాళ్ళు అలా మాట్లాడతారు.

మర్నాడు నీకు ఫోను చేసి, పిల్లోడి ఫొటో చూసినావా అని అడిగాను.  మీటింగ్‌లో ఉండా అవ్వా, మళ్ళీ చేస్తా అన్నావు. చేయలేదు.

ముప్పై ఏళ్ళు అంగడి లెక్కలు రాసినదాన్ని. లెక్క తేలనప్పుడు మొదటి పద్దు దగ్గరికి పోవడం నాకు అలవాటు. గ్రూపు తెరిచి చిన్నతాత మొదట పెట్టిన సంబంధం మెసేజి వెతికి పట్టుకున్నాను. దాని కింద నలభై ఒక్క బొటనవేళ్ళు ఉన్నాయి, అందులో ఒకటి నీది. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. నా వేలు అక్కడ లేదు, ఎందుకంటే ఆ వారం నా కంటికి కట్టు ఉంది. కట్టు లేకపోయి ఉంటే నేనూ పెట్టేదాన్నేమో, ప్రమాణం చేసి చెప్పలేను.

మన ఇళ్ళలో సంబంధం వస్తే పళ్ళెం తిప్పేవాళ్ళు. నువ్వు చూసి ఉండవు. పెద్దలు వరసగా కూర్చుంటే తమలపాకుల పళ్ళెం వాళ్ళ ముందుకు వచ్చేది. సంబంధానికి ఒప్పుకున్నవాళ్ళు ఆకు తీసుకోవాలి, కానీ ముందు ఒక ప్రశ్న అడగాలి. పొలమెంత అని ఒకరు, తాగుతాడా అని ఒకరు, వాళ్ళ బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయా అని ఒకరు. అడగకుండా ఆకు మీద చేయి వేస్తే, నోరు లేనోడికి ఆకెందుకప్పా అని పక్కనున్నవాళ్ళు లాక్కునేవాళ్ళు. మీ చిన్నతాత ఆ పళ్ళేన్ని ఫోనులోకి ఎక్కించాడు. ఆకుకు బదులు బొటనవేలు. సాయంత్రం లోపల వేలు పెట్టనివాళ్ళ పేర్లు చదివి, వీళ్ళకు ఇంటి మీద గౌరవం లేదంటాడు. ప్రశ్న అడగాలనే సంగతి మాత్రం దారిలో ఎక్కడో జారిపోయింది.

పాతకాలమే మేలని నేను రాయడం లేదు. నా సంబంధానికి పళ్ళెం తిరిగినప్పుడు నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు. బి.ఎస్సీ. లెక్కల్లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న పిల్లకు ఒక తమలపాకు అందలేదు. మన వంశంలో ఆడపిల్ల ముందుకు తన సంబంధపు పళ్ళెం రావడం నీతోనే మొదలు. ఎవరూ గొప్ప మనసుతో తేలేదు, నువ్వు గ్రూపులో ఉన్నావు కాబట్టి వచ్చింది. అయినా వచ్చింది. దాన్ని నువ్వు ఏ లిఫ్టులోనో నిలబడి, చూడకుండా అందుకున్నావు.

నేను వేలు పెట్టినవాళ్ళను ఒక్కొక్కరినే అడగడం మొదలుపెట్టాను. అందరికీ ఒకటే ప్రశ్న, పిల్లోడు ఏం చేస్తాడని.

మీ అత్త సావిత్రమ్మ, నా కడుపున పుట్టిందే, డాక్టరు గదమ్మా అంది. ఎవరు చెప్పారే అన్నాను. చెప్పేదేముండాది, మన అర్చనకు డాక్టరును గాక ఇంకెవరిని చూస్తారు అంది. మా చెల్లెలు అక్కయమ్మ, సంబంధమా అక్కా, నేను మునినారాయణప్ప బావ పుట్టినరోజనుకొని వేలు పెడితిని, కేకు కూడా పెడితిని అని నాలుక కరుచుకుంది. వెళ్ళి చూస్తే నిజంగానే కేకు ఉంది. దాన్ని కూడా ఎవరూ చూడలేదు.

చివరికి మెసేజి పంపిన మీ చిన్నతాతనే అడిగాను. నలభై మంది చూసినారు గద వదినా, ఇంగ నేనొగన్ని చూసేదేముండాది అన్నాడు. పంపినోడివి నువ్వే గదప్పా అన్నాను. బ్రోకరు పంపిందాన్ని ఇట్ల తోసినా, అంతే అన్నాడు. జాతకం మాత్రం చూపించాడట, బాగా కలిసిందట. అది విని నాకు కోపం రాలేదు. ఆయన మోసగాడు కాదు, ఇంటిని ఒకచోట కట్టి ఉంచాలనే తపన గలవాడు. నలభై మంది కళ్ళ మీద అంత భరోసా పెట్టుకున్నవాణ్ణి ఏమని తిట్టను?

మీ అమ్మను అడిగితే ఏమందో జాగ్రత్తగా చదువు. అర్చననే పెట్టింది గదత్తా, పిల్లకే ఇష్టమైనాక తల్లి అడ్డం వస్తుందా అంది. నువ్వేమో ఇంతమంది చూశారు గదా అంటావు. వాళ్ళు నిన్ను చూసి ఒప్పుకున్నారు, నువ్వు వాళ్ళను చూసి ఒప్పుకున్నావు. పిల్లవాణ్ణి ఎవరూ చూడలేదు.

కాబట్టి నువ్వు తలవంచుతున్నది పెద్దల మాటకు అనుకుంటే, పెద్దలు ఏ మాటా అనలేదు. అది ఉందనుకుని నువ్వు లొంగనక్కరలేదు, ఉందనుకుని ఎదిరించనూ అక్కరలేదు.

ఇక ఆ మెసేజిలో ఏముందో నేను చదివాను కాబట్టి చెబుతున్నాను. పిల్లవాడి పేరు చేతన్. వాళ్ళది చింతామణి వైపు. పీణ్యలో చిన్న షెడ్డు ఉంది, లేతు యంత్రాల మీద మోటార్లకు కావలసిన ఇనుప భాగాలు చేస్తాడు. ముప్పై ఏళ్ళు, తల్లి లేదు, తండ్రి ఉన్నాడు. ఇంతవరకు పైకే కనబడుతుంది. అక్కడ 'ఇంకా చదవండి' అని ఉంటుంది. దాన్ని నొక్కితే కింద ఇంకో వాక్యం ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

పెండ్లి తర్వాత అమ్మాయి ఉద్యోగం మానుకొని ఇంటి పట్టున ఉండవలెను. ఇందుకు సమ్మతించినవారే ముందుకు రావలెను.

ఇక్కడ ఆగి దాన్ని ఇంకోసారి చదువు. నేను కాచుకుంటాను.

దీనికి నువ్వు సమ్మతించావని పీణ్యలో వాళ్ళు అనుకున్నారు. తాంబూలాల తేదీ అడిగింది ఆ ధైర్యంతోనే.

నువ్వు ఉద్యోగంలో చేరిన కొత్తలో నీ పనేమిటో నాకు వివరించావు. ఫోను మూలన ఎర్రచుక్క ఎప్పుడు వెలగాలి, ఎన్ని గంటలకు గణగణమంటే మనిషి చేతిలో పని వదిలేసి అందుకుంటాడు, అదంతా లెక్క కట్టేది మీ టీమేనని చెప్పావు. లెక్క కాబట్టి నాకూ నచ్చింది. ఎదుటివాళ్ళ ధ్యాస ఎంత ఖరీదైనదో నీకు తెలిసినంతగా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. నీ ధ్యాసను మాత్రం అడిగినవాడికల్లా ఉత్తపుణ్యానికి ఇస్తున్నావు.

నీ గదిలో ఉండే జ్యోతి నీకు ఒక సలహా ఇచ్చిందని మీ అమ్మ చెప్పింది. ఆ గ్రూపులోంచి బయటికి వచ్చెయ్, ఇది నీ లైఫు, నీ ఛాయిస్ అందట. జ్యోతి మంచి పిల్ల. నీకు జ్వరమొచ్చినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టి గంజి కాచి ఇచ్చింది, నేను మరిచిపోలేదు. కానీ ఆ మాట ఆమె సొంతం కాదు. ఊరంతా అంటున్నదే ఆమె నోటికీ వచ్చింది. ఆలోచించకుండా దానికి తలూపితే, ఒక గ్రూపులోంచి లేచి ఇంకో గ్రూపులో వేలు పెట్టినట్టే.

ఒంటరిగా కూర్చుంటేనే తన మనసు తనకు తెలుస్తుందని కొందరంటారు. నాకు అలా తెలియలేదు. నేను అంగడిలో గల్లాపెట్టె పక్కన కూర్చుని లెక్క రాసేదాన్ని. ఒక పక్క మీ తాత బైరప్ప, ఒక పక్క సేలం వ్యాపారులు, ఇంకో పక్క హమాలీలు, తలా ఒక అంకె అరిచేవాళ్ళు. చెవులు మూసుకుంటే సరుకు ఎంత పోయిందో తెలియదు. ఎవరో అరిచిన మొత్తాన్ని వేసుకుంటే రాత్రికి లెక్క తేలదు. అందరి అంకెలూ వినేదాన్ని, కూడిక మాత్రం నేనే వేసేదాన్ని. మీ తాత తొందరపెట్టినా అంతే. ఈమెతో గొడవ వద్దప్పా, ముందు అంకె చెప్పు అనేవాడు ఆయన వ్యాపారులతో.

నీకూ నేను చెప్పేది అదే. గ్రూపు వదలవద్దు, మనుషులను వదలవద్దు. అందరి మాటా విను. కూడిక నువ్వు వేయి.

పదహారో తేదీన ఇంటికి రా. నీకు కావాలో వద్దో నీ నోటితో చెప్పు. కావాలంటే ఎందుకో ఒక మాట, వద్దంటే ఎందుకో ఒక మాట. ఉద్యోగం మాని ఇంట్లో ఉండటం నీకు నిజంగా ఇష్టమైతే అందులో తక్కువేమీ లేదు. అలా సుఖంగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు, ఏడుస్తూ ఉన్నవాళ్ళూ తెలుసు. ఇద్దరికీ తేడా ఎవరు నిర్ణయించారన్న దగ్గరే వచ్చింది. ఇష్టం లేకపోతే చిన్నతాత ముఖం చిన్నబోతుందని ఒప్పుకోకు. ఆయన ముఖం సంగతి నేను చూసుకుంటాను. ఆలోచించడానికి ఇంకా వ్యవధి కావాలంటే అదీ ఒక జవాబే, కానీ దాన్ని కూడా నువ్వే చెప్పాలి. ఇంక నాదేముంది అనే మాట మాత్రం ఈ ఇంట్లో మళ్ళీ వినకూడదు.

నీకు జవాబు తెలియదని నేను అనుకోవడం లేదు. ఆరేళ్ళప్పుడే ఇడ్లీ వద్దు, దోసె కావాలని, ఎందుకో మూడు కారణాలు చెప్పిన పిల్లవు. ఆ నోరు ఎక్కడికీ పోలేదు, అడిగేవాళ్ళు లేక ఊరుకుంది. ఇప్పుడు నేను అడుగుతున్నాను.

మధ్యాహ్నం అన్నం మూడు గంటలకు తినే అలవాటు మానుకో. మీ అమ్మ పంపిన కారప్పొడి జ్యోతికి కూడా పెట్టు.

ఇట్లు,
నిన్ను నమ్మిన మీ అవ్వ,
కె. భాగీరథమ్మ, బి.ఎస్సీ.

తా.క.: పదహారున తాంబూలాలు లేవు. నిన్న నేను మెట్రో ఎక్కి పీణ్యకు పోయి ఆపించి వచ్చాను. చేతన్ షెడ్డులోనే ఉన్నాడు. చేతులు తుడుచుకుని వచ్చి స్టూలు వేశాడు. ఆ వాక్యం అతని ముందు పెట్టి, ఇది నీ మాటేనా నాయనా అని అడిగాను. అట్ల రాసిండారా అవ్వా, మా అత్త రాయించింది, నేను చూడలేదే అన్నాడు. నీ ఫొటో వచ్చినప్పుడు వాళ్ళ గ్రూపులో అతనూ చూడకుండానే బొటనవేలు పెట్టాడట. చదివిన తర్వాత ఆ వాక్యం గురించి ఏమన్నాడో నేను రాయను. అది నువ్వు అడగవలసిన ప్రశ్న. ఆదివారం పది గంటలకు అతనొక్కడే వస్తాడు. మీరిద్దరూ మాట్లాడుకునేంతసేపు మేమంతా కింద అంగడిలో ఉంటాం, చిన్నతాతతో సహా. తాంబూలాలు ఆగిన సంగతి నేను గ్రూపులో పెట్టలేదు. మన వాళ్ళందరికీ ఒక్కొక్కరికే నోటితో చెప్పి, నీకు చెప్పవద్దన్నాను. ఇది ఉత్తరం మొదట్లోనే రాసి ఉంటే, నువ్వు అంతవరకు చదివి హమ్మయ్య అనుకుని మడిచి పెట్టేసేదానివి. ఆదివారం నువ్వు పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని వస్తే ఉత్తరం మధ్యలోనే ఆపేశావని అర్థం. రోజూ ఆఫీసుకు వేసుకునే బట్టల్లో వస్తే ఇక్కడిదాకా చదివావని అర్థం. నేను మిద్దె మీద నిలబడి చూస్తుంటాను.